సెమీ హాలో గిటార్‌కి పికప్స్ మార్చాలా? ఆర్డర్ పెట్టేముందు ఇది వినండి

ఇవాళ్టి టాపిక్ మీలో చాలామంది అడుగుతున్నదే. సెమీ హాలో గిటార్‌కి పికప్స్ మార్చాలంటే ఏవి తీసుకోవాలి, లోపల వైరింగ్ ఎలా చేయించుకోవాలి?

అడిగేవాళ్ల పరిస్థితి దాదాపు ఒకేలా ఉంటుంది. కొత్తగా ఉద్యోగం వచ్చింది. జీతంలో కొంచెం కొంచెం దాచుకుని ఎపిఫోన్ డాట్ లాంటిదో, ఐబనేజ్ ఆర్ట్‌కోర్ లాంటిదో కొన్నారు. "ఆ డబ్బు పెట్టి బండి కొనుక్కోవచ్చు కదరా" అని ఇంట్లో ఒక మాట కూడా పడ్డారు. తీరా ఆంప్‌లో పెట్టి వాయిస్తే నెక్ పికప్ సౌండ్ ముద్దగా వస్తోంది. వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే దుప్పటి కప్పినట్టు మూసుకుపోతోంది. గెయిన్ పెంచితే కీచుమంటోంది. వెంటనే ఫోన్ తీసి వెతికితే అందరూ చెప్పేది ఒక్కటే, "పికప్స్ మార్చెయ్ బ్రో". మంచి బ్రాండ్ సెట్ ధర, కొరియర్, కస్టమ్స్ అన్నీ కలిపితే ఒక్కోసారి గిటార్ ఖరీదులో సగం దాకా వెళ్తుంది.

నేను చెప్పేది సింపుల్. గోటితో పోయేదానికి గొడ్డలి వాడొద్దు. గొడ్డలి తప్పదు అనుకుంటే మాత్రం ఒక్క దెబ్బకే పని అయిపోవాలి. ఎందుకంటే సెమీ హాలో గిటార్‌ని విప్పడం స్ట్రాట్‌ని విప్పినంత తేలిక కాదు.

ముందు ఈ గిటార్ ఏంటో చూద్దాం. 1958లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-335 అనే మోడల్ తెచ్చింది. బయటికి బోలుగా కనిపిస్తుంది, రెండు పక్కలా ఎఫ్ ఆకారంలో కంతలుంటాయి. కానీ మధ్యలో మెడ నుంచి కింది దాకా గట్టి చెక్క దిమ్మ ఒకటి ఉంటుంది. దాన్నే సెంటర్ బ్లాక్ అంటారు. పూర్తి బోలు గిటార్ సౌండ్ పెంచగానే ఫీడ్‌బ్యాక్‌తో ఊళపెడుతుంది. ఈ దిమ్మ దాన్ని చాలావరకు తగ్గిస్తుంది. అందుకే బీ.బీ. కింగ్ బ్లూస్ దగ్గర్నుంచి లారీ కార్ల్‌టన్ జాజ్ ఫ్యూజన్ దాకా ఈ జాతి గిటార్ చెల్లింది.

మీ దగ్గరున్నది నిజంగా సెమీ హాలోనా కాదా అన్నది ముందు తేల్చుకోండి. ఎపిఫోన్ క్యాసినో చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ దాంట్లో సెంటర్ బ్లాక్ లేదు, పికప్స్ కూడా పీ-90 రకం. అనుమానం ఉంటే ఫోన్ టార్చ్ వేసి ఎఫ్-హోల్లోంచి చూడండి. దిమ్మ కనిపిస్తుంది. పనిలో పని, నాలుగు ఫోటోలు కూడా తీసి పెట్టుకోండి. తర్వాత పనికొస్తాయి.

ఇప్పుడు గోటి పని. దీనికి పైసా ఖర్చు లేదు.

మొదటిది, పికప్ ఎత్తు. సన్న తీగని, లావు తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, తీగకీ పికప్ పోల్‌కీ మధ్య ఖాళీ కొలవండి. నెక్ దగ్గర 2.4 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్ దగ్గర 1.6 మిల్లీమీటర్లు, ఇక్కడ మొదలుపెట్టండి. కొత్త గిటార్లలో నెక్ పికప్ తీగలకి మరీ దగ్గరగా ఉండటం మామూలే. ముద్ద సౌండ్‌కి సగం కారణం అదే. పక్కనున్న రెండు స్క్రూలు తిప్పి పికప్‌ని కిందికి దించండి, తర్వాత పోల్ స్క్రూలు అర చుట్టు పైకి తీయండి. సౌండ్ విచ్చుకోవడం మీకే తెలుస్తుంది.

రెండోది, కేబుల్. కేబుల్ పొడవు పెరిగే కొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. పది మీటర్ల కేబుల్‌తో విని "పికప్ బాగోలేదు" అనేముందు, మూడు మీటర్ల మంచి కేబుల్‌తో ఒకసారి వినండి. తీగలు పాతబడితే అవీ మార్చండి.

మూడోది, మల్టీమీటర్ టెస్ట్. మామూలు డిజిటల్ మీటర్ చాలు. గిటార్‌కి కేబుల్ గుచ్చండి. రెండో కొసని ఆంప్‌లో పెట్టొద్దు, దానికి మీటర్ పట్టండి. ఒక ముల్లు జాక్ మొనకి, రెండోది దాని మొదలుకి. మీటర్ 20 కిలో ఓమ్స్ మీద, గిటార్ వాల్యూమ్స్ ఫుల్. స్విచ్ నెక్ మీద పెడితే ఒక రీడింగ్, బ్రిడ్జ్ మీద పెడితే ఇంకోటి. 7 నుంచి 8.5 మధ్య వస్తే అవి పాతకాలపు పద్ధతిలో చుట్టిన హంబకర్లు అనుకోవచ్చు. 13, 14 దాటితే అవి హాట్ పికప్స్. స్విచ్ మధ్యలో పెడితే రెండూ ప్యారలల్ అవుతాయి కాబట్టి రీడింగ్ దాదాపు సగానికి పడాలి. అసలు రీడింగే రాకపోయినా, సున్నా చూపించినా తప్పు పికప్‌ది కాకపోవచ్చు. ఎక్కడో వైర్ ఊడి ఉండొచ్చు, స్విచ్ పాడై ఉండొచ్చు. అక్కడ కొత్త పికప్ కొంటే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

ఒక్క మాట. ఈ ఓమ్స్ నంబర్ చూసి "ఎక్కువుంటే మంచిది" అనుకోకండి. తీగ మందం మారితే నంబర్ మారుతుంది, అయస్కాంతం సంగతి ఆ నంబర్ చెప్పదు. ఒకే తీగతో చుట్టిన రెండు పికప్స్‌ని పోల్చడానికి అది పనికొస్తుంది, అంతే.

నాలుగోది, మైక్రోఫోనిక్ టెస్ట్. ఆంప్ కొంచెం గట్టిగా పెట్టి, తీగల్ని అరచేత్తో మూసి, పికప్ దగ్గర నోరు పెట్టి మాట్లాడండి. మీ గొంతు ఆంప్‌లో స్పష్టంగా వినిపిస్తే లోపలి చుట్లు వదులుగా ఉన్నట్టు. గెయిన్ పెంచినప్పుడు వచ్చే ఆ సన్నటి కీచు అక్కడిది. ఊఁ అని లావుగా ఊళపెడితే అది వేరే, అది గిటార్ బాడీ మోగడం. మొదటిది పికప్ మారిస్తే పోతుంది. రెండోది ఏ పికప్ పెట్టినా పోదు. ఆంప్‌కి దూరంగా జరగాలి, బేస్ తగ్గించాలి, లేదా ఎఫ్-హోల్స్ మూయాలి. 1980లో గిబ్సన్ వాళ్లు బీ.బీ. కింగ్ పేరు మీద లూసీల్ మోడల్ తెచ్చినప్పుడు అసలు ఎఫ్-హోల్సే లేకుండా చేసింది అందుకే.

ఇవన్నీ చేశాక కొంతమందికి సమస్య ఇక్కడే తీరిపోతుంది. ఆ డబ్బుతో మంచి ఆంప్ కొనుక్కోండి, సుఖపడతారు. తీరనివాళ్లు నాతో రండి, లోపలికి వెళ్దాం.

లోపల ఉండేవి నాలుగు పాట్లు, రెండు కెపాసిటర్లు, ఒక త్రీ-వే స్విచ్, ఒక జాక్. దీన్నంతా కలిపి హార్నెస్ అంటారు. గమనించండి, వాల్యూమ్ తగ్గిస్తే సౌండ్ మూసుకుపోయే జబ్బు పికప్‌ది కాదు, ఈ హార్నెస్‌ది. పికప్ ఎంత ఖరీదుదైనా దాని సౌండ్ ఈ పాట్ల గుండానే బయటికి రావాలి.

పాట్ల విలువ చూడండి. హంబకర్‌కి 500 కిలో ఓమ్స్ పాట్ వాడటం పద్ధతి. 250 పెడితే ట్రెబుల్ తగ్గి సౌండ్ మెత్తబడుతుంది. పైగా మామూలు పాట్‌కి 20 శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటారు. అంటే 500 అని రాసి ఉన్నది 400 కావచ్చు, 600 కావచ్చు. కొన్నాక మీటర్‌తో కొలిచి, ఎక్కువ విలువ ఉన్నదాన్ని నెక్ వాల్యూమ్‌కి పెట్టండి. ముద్దగా ఉండే పికప్‌కి ఆ కాస్త వెలుగు కావాలి.

కెపాసిటర్ మామూలుగా 0.022 మైక్రోఫారడ్ ఉంటుంది. నెక్ టోన్ తిప్పినప్పుడు మరీ చీకటైపోతోంది అనిపిస్తే అక్కడ 0.015 పెట్టండి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవి చిల్లర డబ్బులకే దొరుకుతాయి. వింటేజ్ అని వేలు పోసి కొనక్కర్లేదు. విలువ ముఖ్యం, డబ్బా మీద పేరు కాదు.

ఇప్పుడు అసలు కిటుకు. మోడర్న్ వైరింగ్, ఫిఫ్టీస్ వైరింగ్ అని రెండు పద్ధతులు. తేడా ఒక్క తీగ ముక్క. మోడర్న్‌లో టోన్ పాట్‌కి వెళ్లే తీగని వాల్యూమ్ పాట్‌లో పికప్ వచ్చి కలిసే కాలికి సోల్డర్ చేస్తారు. ఫిఫ్టీస్‌లో అదే తీగని వాల్యూమ్ పాట్ మధ్య కాలికి, అంటే సౌండ్ బయటికి వెళ్లే కాలికి సోల్డర్ చేస్తారు. అంతే. ఫలితం ఏంటంటే వాల్యూమ్ ఏడుకో ఆరుకో తగ్గించినా ట్రెబుల్ బాగా మిగులుతుంది. గెయిన్ ఆంప్ మీదే ఉంచి, గిటార్ వాల్యూమ్‌తోనే క్లీన్‌కీ, క్రంచ్‌కీ మారిపోవచ్చు. బదులుగా టోన్ తిప్పినప్పుడు వాల్యూమ్ మీద కూడా కొంచెం ప్రభావం ఉంటుంది. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ట్రెబుల్ బ్లీడ్ అని ఇంకోటి ఉంది. వాల్యూమ్ పాట్ రెండు కాళ్ల మధ్య 0.001 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని పక్కనే 150 కిలో ఓమ్స్ రెసిస్టర్ పెడతారు. ఇదీ అదే పని చేస్తుంది. కానీ రెండూ కలిపి పెడితే కొందరికి సౌండ్ మరీ పల్చబడినట్టు అనిపిస్తుంది. నా సలహా, ముందు ఫిఫ్టీస్ వైరింగ్ ఒక్కటే చేయించండి.

సరే, హార్నెస్ చూశాం. ఇక గొడ్డలి, అంటే పికప్.

హంబకర్‌ని గిబ్సన్‌లో డిజైన్ చేసిన ఇంజినీర్ సేథ్ లవర్. 1955లో పేటెంట్‌కి అప్లై చేశారు, 1959లో వచ్చింది. ఈలోపు పికప్స్ అడుగున "పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాం" అన్న అర్థం వచ్చే స్టిక్కర్ అంటించారు. ఇంగ్లిష్‌లో ఆ మూడు మాటల మొదటి అక్షరాలే పీఏఎఫ్. ఇవాళ మార్కెట్‌లో సగం పికప్స్ ఆ పేరు చెప్పుకునే బతుకుతున్నాయి.

మీరు ఏం వాయిస్తారో దాన్ని బట్టి ఎంచుకోండి. సినిమా పాటల మెలొడీ, జాజ్, క్లీన్ సౌండ్ మీ దారి అయితే తక్కువ అవుట్‌పుట్ ఉన్న ఆల్నికో 2 పికప్స్ చూడండి. ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన అయస్కాంతం. 2 రకం కొంచెం మెత్తగా, గుండ్రంగా మోగుతుంది. 5 రకం ఇంకాస్త బిగువుగా, వెలుగ్గా ఉంటుంది. ముద్ద నెక్ మీ బాధ అయితే ఆల్నికో 5, తక్కువ చుట్లు ఉన్నది నెక్‌కి బాగుంటుంది. ఇక గట్టి డిస్టార్షన్ కావాలి అనేవాళ్లకి వ్యాక్స్ పాటింగ్ చేసింది తప్పనిసరి. అంటే చుట్లని మైనంలో ముంచి కదలకుండా బిగించడం. ఉదాహరణకి సీమోర్ డంకన్‌లోనే రెండు మోడల్స్ చూడండి. సేథ్ లవర్ పేరుతో వచ్చేదాంట్లో మైనం ఉండదు, అయస్కాంతం ఆల్నికో 2. ఫిఫ్టీనైన్ మోడల్‌లో మైనం ఉంటుంది, అయస్కాంతం ఆల్నికో 5. మొదటిది క్లీన్‌లో గాలి పీల్చినట్టు విచ్చుకుంటుంది, స్టేజీ మీద గెయిన్ పెడితే కీచుమనే ప్రమాదం ఎక్కువ. ఏది గొప్ప అన్నది కాదు ప్రశ్న, మీరెక్కడ వాయిస్తారు అన్నది ప్రశ్న.

హంబకర్ సైజులోనే పీ-90 కూడా దొరుకుతుంది. సౌండ్ కరుకుగా, బాగుంటుంది. కానీ అది సింగిల్ కాయిల్, కరెంటు హమ్ వస్తుంది. మన ఇళ్లలో ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, అన్నీ ఒకే బోర్డు మీద. ఆలోచించి తీసుకోండి.

ఆర్డర్ పెట్టేముందు కొలవాల్సినవి నాలుగు. ఇవి కొలవకే గిటార్లు పాడవుతున్నాయి, శ్రద్ధగా వినండి.

ఒకటి, పోల్ దూరం. మొదటి పోల్ మధ్య నుంచి ఆరో పోల్ మధ్యకి ఎంతుందో కొలవండి. సుమారు 49, 50 మిల్లీమీటర్లు ఒక సైజు, 52, 53 ఇంకో సైజు. రెండు, పికప్ కాళ్ల పొడవు. సెంటర్ బ్లాక్‌లో గుంట లోతు తక్కువైతే పొడుగు కాళ్లు అడుగున తగులుతాయి, పికప్ కిందికి దిగదు. మూడు, పాట్ సైజు. తక్కువ ధర గిటార్లలో చిన్న మెట్రిక్ పాట్లు ఉంటాయి. అమెరికన్ సైజు పెద్ద పాట్‌కి దాదాపు 9.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. పైన ఉన్నది పల్చటి ప్లై చెక్క. డ్రిల్ పెట్టి పెద్దది చేయబోతే పాలిష్ పెచ్చులూడొచ్చు, చెక్క చీలొచ్చు. చీలితే మళ్లీ అతకదు. అంత రిస్క్ ఎందుకు, అదే సైజులో మంచి చిన్న పాట్లు దొరుకుతాయి. నాలుగు, ఎఫ్-హోల్ వెడల్పు. కొనే పాట్ దాంట్లోంచి దూరాలి కదా! కాయిల్ స్ప్లిట్ కోసం పుష్-పుల్ పాట్ కావాలనుకునేవాళ్లు మరీ జాగ్రత్త, అది పొడుగ్గా, లావుగా ఉంటుంది.

తర్వాత ఫేజ్ సంగతి. ఒక పికప్ ఒక కంపెనీది, ఇంకోటి వేరే కంపెనీది పెడితే, విడివిడిగా బాగానే ఉంటాయి. స్విచ్ మధ్యలో పెట్టగానే సౌండ్ పల్చగా, ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయన్నమాట. పీటర్ గ్రీన్ లెస్ పాల్‌లో నెక్ అయస్కాంతం తిరగబడి ఉండటం వల్ల వచ్చిన ఆ సౌండ్ ఆయనకి పేరే తెచ్చింది, అది వేరే విషయం. మనకి కావాలనుకుంటేనే రావాలి కదా.

దీన్ని ముందే పట్టుకోవచ్చు. మీటర్ పికప్‌కి పెట్టి, ఇనప స్క్రూడ్రైవర్ పికప్ మీద ఆనించి టక్కున లాగండి. రీడింగ్ ఒక్క క్షణం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. రెండు పికప్స్‌కీ ఒకేలా జరిగితే ఫేజ్ సరిపోయింది. జరగకపోతే, నాలుగు తీగల పికప్ అయితే హాట్, గ్రౌండ్ తీగలు అటూ ఇటూ మార్చాలి. రంగు లేని బోసి తీగ మాత్రం ఎప్పుడూ గ్రౌండ్‌కే. పైన లోహపు అల్లిక ఉన్న ఒంటి తీగ పికప్ అయితే తీగలు మార్చొద్దు, అల్లికే హాట్ అయిపోయి హమ్ చంపేస్తుంది.

రంగుల సంగతి కూడా. అన్ని కంపెనీలకీ ఒకే లెక్క కాదు. సీమోర్ డంకన్‌లో నలుపు హాట్, ఎరుపూ తెలుపూ కలిపి కట్టాలి, ఆకుపచ్చ గ్రౌండ్. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపూ తెలుపూ కలిపి కట్టాలి, ఆకుపచ్చ గ్రౌండ్. ఒకదాని బొమ్మ చూసి ఇంకోదాన్ని సోల్డర్ చేస్తే పికప్ పాడైందని అనుకుంటారు. పికప్‌కి ఏం కాలేదు, చూసిన బొమ్మ తప్పు.

ఇక బిగించడం. ఇరుకు మూతి కుండలో చెయ్యి పెట్టి ముడి వేసే పని ఇది. అందుకే చేసేదంతా బయటే చేయాలి. పాత నాబ్స్ తీసి, పైన కాగితం పెట్టి రంధ్రాలు గుర్తు పెట్టండి. ఆ కొలతలతో అట్ట ముక్కకి కంతలు పెట్టి, కొత్త పాట్లు దాంట్లో బిగించి, అట్ట మీదే మొత్తం వైరింగ్ సోల్డర్ చేయండి. పాట్ వెనక సోల్డర్ చేయడానికి 40 వాట్ల ఐరన్ అయితే త్వరగా అతుకుతుంది. చిన్న ఐరన్‌తో చాలాసేపు ఆనిస్తే పాట్ లోపల కాలుతుంది. కిటికీ తీసి పెట్టుకోండి, పనయ్యాక చేతులు కడుక్కోండి. సీసం అది.

తర్వాత ఇందాకటి కేబుల్, మీటర్ టెస్ట్ బయటే చేయండి. అన్నీ సరిగ్గా వస్తేనే లోపలికి. తీగలు తీసేముందు బ్రిడ్జ్ ఎక్కడుందో మాస్కింగ్ టేప్‌తో గుర్తు పెట్టండి, తీగలు తీయగానే అది ఊడి చేతికొస్తుంది. పాత పాట్లు లోపలికి తోసేముందు ఒక్కో రంధ్రంలోంచి దారం కట్టి వదలండి. కొత్త పాట్ మూతికి ఆ దారం కట్టి, ఎఫ్-హోల్లోంచి లోపలికి పంపి, పైనుంచి మెల్లగా లాగితే దాని రంధ్రంలోకి అదే వచ్చి కూర్చుంటుంది. సూది బెజ్జంలో దారం ఎక్కించినంత ఓపిక కావాలి. ఓపిక లేని రోజు మొదలుపెట్టొద్దు.

చివరిగా, తీగల గ్రౌండ్. టెయిల్‌పీస్ స్టడ్ దగ్గర్నుంచి ఒక తీగ లోపలికి వస్తుంది. దాన్ని పాట్ వెనక్కి కలపడం మర్చిపోతే హమ్ వస్తుంది. కలిపితే మీ చెయ్యి తీగల ద్వారా ఆంప్ ఎర్త్‌కి కలిసినట్టే. కాబట్టి ఆంప్ ప్లగ్‌కి మూడో పిన్ను ఉండాలి, మీ గోడ సాకెట్‌లో నిజంగా ఎర్తింగ్ ఉండాలి. పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల్లో పెట్టే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. సౌండ్ తర్వాత, ముందు ప్రాణం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి.

పాత పికప్స్, పాట్లు పారేయొద్దు. కవర్లో పెట్టి, ఏది నెక్, ఏది బ్రిడ్జ్ అని రాసి దాచండి. రేపు గిటార్ అమ్మాల్సి వస్తే వాటికీ విలువుంటుంది.

మళ్లీ ఒకసారి వరస చెప్తాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి. ముందు ఎత్తు, కేబుల్, మీటర్ టెస్ట్. సమస్య వాల్యూమ్ తగ్గించినప్పుడే వస్తే హార్నెస్. గొంతు వినిపించే కీచు ఉంటేనో, ఎత్తు సరిచేశాక కూడా నెక్ ముద్దగానే ఉంటేనో పికప్. విప్పడం తప్పదు అనుకున్నాక రెండూ ఒకేసారి, బయట టెస్ట్ చేసి, ఒక్కసారే లోపలికి. ఇలా చేస్తే దాచుకున్న డబ్బు నిలుస్తుంది, గిటార్ కూడా నిలుస్తుంది.

మీ మీటర్‌లో నెక్ ఎంత చూపించింది, బ్రిడ్జ్ ఎంత చూపించిందో కామెంట్‌లో రాయండి. గిటార్ మోడల్ కూడా చెప్తే ఏం చేయొచ్చో మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్, వాయిస్తూనే ఉండండి.